సమాధులలోనుండి ఇంటికి

(శతవార్షికోత్సవ కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో ఎన్ని గుడులు కట్టితిమి, ఎన్ని బడులు పెట్టితిమి అని లెక్క చెప్పుకొనుట మర్యాద. ఆ లెక్క చెప్పుటకు మాకంటె పెద్దలు ఈ వేదికమీద ఉన్నారు. మాకు ఇచ్చిన అంశము వేరు. త్రాగుడుకు బానిసయై, ఇల్లు పోగొట్టుకొని, వీధిన పడిన మనుష్యుడు సంఘములోనికి ఎట్లు వచ్చును? వచ్చినవాడు ఎట్లు నిలుచును? మొదటి ప్రశ్నకు మన ఊళ్ళలో అందరికి జవాబు తెలియును. ఉజ్జీవ కూటములు పెట్టుదుము, ప్రార్థించుదుము, వాడు కన్నీళ్ళు పెట్టుకొనును, సీసా పగులగొట్టును. రెండవ ప్రశ్నకు జవాబు తెలిసినవారు కొద్దిమందియే. కావున మేము రెండవదానిని గురించి ఎక్కువగా మాటలాడుదుము.

మార్కు సువార్త అయిదవ అధ్యాయములో గెరాసేనుల దేశపు మనుష్యుని కథ మీకు తెలిసినదే. మనము ఆ కథను దయ్యముల కథగానే చదువుచుందుము. అది ఇల్లులేని వాని కథ కూడ. వాని కాపురము సమాధులలో. ఊరివారు వానికి చేసిన ఉపకారము ఒక్కటే, సంకెళ్ళు. లూకా వ్రాసిన ప్రకారము వానికి ఒంటిమీద బట్టయు లేదు. స్వస్థత పొందిన తరువాత ఊరివారు వచ్చి చూచునప్పటికి వాడు బట్టలు కట్టుకొని కూర్చుండెను. ఆ బట్టలు ఎవరు ఇచ్చిరి? సువార్తికులు వ్రాయలేదు. సమాధులలో బట్టల దుకాణము ఉండదు గదా. దోనెలో వచ్చిన శిష్యులలో ఎవరో ఒకరు తన పైబట్ట తీసి ఇచ్చియుండవలెనని మేము అనుకొనుచున్నాము. దయ్యములను వెళ్ళగొట్టుట ప్రభువు చేసెను. పైబట్ట తీసి ఇచ్చుట శిష్యుల వంతు వచ్చెను. ఈ రోజు మా ప్రసంగమంతయు ఆ పైబట్టను గురించియే.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1970లో జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లానుండి వచ్చి ఒంగోలులో కలిసినవి. రెండేండ్లకు ఆ జిల్లాకు ప్రకాశము అను పేరు వచ్చెను. జిల్లా మారినను వాన మారలేదు. నల్లమల నీడన ఉండియు నీటికి కరవే. కొన్ని ఊళ్ళలో దొరకు నీళ్ళు ఫ్లోరైడు నీళ్ళు. వాటిని త్రాగి నలుబదియేండ్లకే కీళ్ళు పట్టుకొనిపోయినవారు మన సంఘములలో ఉన్నారు. పలకల గనులలో, ఫ్యాక్టరీలలో దుమ్ము మింగి పనిచేసినవారు ఉన్నారు. మిరపకోతలకు గుంటూరు వైపు, తాపీ పనికి హైదరాబాదు, బెంగుళూరు వైపు బిడ్డలతో వలసపోయి, ఊరిలో ఇంటికి తాళము వేసి, తిరిగి వచ్చునప్పటికి కప్పు కూలిన కుటుంబములు ఉన్నవి. "ఒళ్ళు నొప్పులయ్యగారూ, ఒక క్వార్టరు పడకపోతే నిద్ర పట్టదు" అని చెప్పువాని మాట అబద్ధము కాదు. నొప్పి నిజమే. మందు అని పేరు పెట్టి అమ్మునది మందు కాదు, అంతే.

2020 జులై నెల చివర మన కురిచేడులో జరిగినది మీరు మరచిపోయియుండరు. కరోనా కట్టడి వలన మద్యము దుకాణములు మూసిరి. దుకాణము మూసినను లోపలి దాహము మూతపడదు. చేతులకు రుద్దుకొను శానిటైజరును నీళ్ళలో కలుపుకొని త్రాగి పదిమందికి మించి చనిపోయిరి. వారిలో హమాలీలు, కూలివారు ఉండిరి. గుడి యొద్ద పడుకొని బిచ్చమెత్తుకొను నిరాశ్రయులు కూడ ఉండిరి. ఆ వార్త దేశమంతయు పత్రికలలో వచ్చెను. చదివినవారు "ఎంత మూర్ఖత" అనిరి. మాకు మూర్ఖత కనబడలేదు. త్రాగుడు ఒక్కసారి ఆగినప్పుడు శరీరము ఎట్లు వణకునో చూచినవారు ఆ మాట అనరు. మూడు దశాబ్దములుగా మన రాష్ట్రములో చట్టములు వచ్చినవి, పోయినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేచిరి. 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. ఆ తల్లుల పోరాటమును మేము తక్కువ చేయుట లేదు. సగము చదువు రాని స్త్రీలు ప్రభుత్వములను కదిపిరి. చట్టము దుకాణము తలుపు మూయగలదు. వీధిన పడినవానికి ఇంకొక తలుపు తెరచుట చట్టమువలన కాదు.

ఈ పనియందు మన సంఘమునకు వారసత్వము కలదు. దోర్నకల్ అధ్యక్షులైన అజరయ్యగారు 1912లో అభిషేకము పొంది, 1945లో ప్రభువునందు నిద్రించువరకు పల్లె సంఘములలో తిరిగిరి. సంఘమును పట్టిన నాలుగు దయ్యములని ఆయన చెప్పుచుండినవి మురికి, రోగము, అప్పు, త్రాగుడు. వరుస చూడుడి. త్రాగుడును ఆయన ఒంటరిగా నిలువబెట్టలేదు. అప్పు ప్రక్కన, రోగము ప్రక్కన నిలువబెట్టిరి. ఈ నాలుగు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నడుచును. మూడింటిని విడిచి ఒక్క త్రాగుడుమీద మాత్రమే గర్జించు ప్రసంగము మా చెవికి సగము ప్రసంగముగా వినబడును.

మన సహోదర బాప్టిస్టు సంఘపు చరిత్రలో ఇంకొక సంగతి కలదు. 1876 నుండి 1878 వరకు మహా కరవు వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టు తీసికొనిరి. ఆకలితో ఇండ్లు విడిచి వచ్చినవారికి అక్కడ పాకలు, కూలి, గంజి దొరికెను. ఉపదేశులే మేస్త్రీలైరి. సాయంకాలము అలసి కూర్చున్న కూలివారితో సువార్త చెప్పిరి. వేలమంది బాప్తిస్మము కోరిరి. అయితే కూలిపని జరుగుచున్నంత కాలము, సుమారు పదునైదు నెలలు, ఆయన ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చినారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. పని ముగిసి, ధన సహాయము ఆగిన తరువాతనే అనుమతించెను. 1878 జులై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ గుండ్లకమ్మ మన నల్లమలలో పుట్టి, మన కంభము చెరువు నింపి, మార్కాపురము ప్రక్కగా ప్రవహించి అక్కడికి పోయినదే.

అందరు 2,222 అను సంఖ్యను చెప్పుకొందురు. మాకు ఆ పదునైదు నెలలు ఎక్కువ ప్రియము. ముందు గంజి, పాక, పని. విశ్వాసమును కూలిగా అడుగలేదు. ఈనాడు వీధినుండి వచ్చినవానికి మనము అన్నము పెట్టి, మరుసటి ఆదివారమే వానిని బాప్తిస్మపు పట్టికలో చేర్చుటకు తొందరపడుచున్నాము. వానికి అప్పటికి ఇంకను చేతులు వణకుచుండును. ఏ కాగితముమీద అయినను వ్రేలిముద్ర వేయును. అటువంటి ఒప్పుకోలును ప్రభువు కోరునని మేము అనుకొనము.

మేము పనిచేసిన ఒక పాస్టరేటులో జరిగినది చెప్పుదుము. ఊరి పేరు, మనిషి పేరు చెప్పము. అతని బిడ్డలు మీ మధ్యకు రావలసినవారు. అతడు పలకల ఫ్యాక్టరీలో పలకకు చెక్క చట్రము బిగించు పనివాడు. మంచి చేయి. పని తగ్గెను, త్రాగుడు పెరిగెను. ఇల్లు అప్పులవారి పాలయ్యెను. భార్య ఇద్దరు బిడ్డలతో తల్లి ఇంటికి పోయెను. అతడు కొన్నాళ్ళు రైలు స్టేషనులో, తరువాత మన గుడి వసారాలో పడుకొనుచుండెను. ఒక ఆదివారము ఆరాధన తరువాత, "మానేస్తానయ్యగారూ, నన్ను ఇక్కడే కట్టేయండి" అనెను.

సంఘ పెద్దలలో కొందరు, గదిలో పెట్టి తాళమువేసి మూడు దినములు ఉపవాస ప్రార్థన చేయుదమనిరి. మంచి మనస్సుతోనే అనిరి. మన సంఘములోని నర్సమ్మగారు అడ్డము వచ్చిరి. "అయ్యగారూ, ఇన్నేళ్ళు తాగినోడికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. రెండో రోజు, మూడో రోజు పిచ్చెత్తినట్టు అవుతాడు. మనిషి పోతాడు. ముందు ఆసుపత్రి, ప్రార్థన అక్కడే చేద్దాం" అనిరి. ఈ మాటను మీరందరు వ్రాసికొని పోవలెనని మా కోరిక. ఎక్కువ కాలము విపరీతముగా త్రాగినవానికి మద్యము హఠాత్తుగా ఆపుట ప్రాణాపాయము. డాక్టరుగారి చేతిలో, మందులతో, కొద్ది దినములలో దానిని దాటింపవచ్చును. కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను నంబరు 14446కు చేసినయెడల ఎక్కడికి తీసికొని పోవలెనో చెప్పుదురు. ఇంటిలో గాని, ప్రార్థన మందిరములలో గాని గొలుసులతో కట్టివేయుట గెరాసేనులు చేసిన పనియే. వారికి అది పనిచేయలేదని వాక్యమే చెప్పుచున్నది.

యౌవనస్థులు ఇద్దరు వంతులవారీగా అతనితో ఎనిమిది దినములు ఆసుపత్రిలో ఉండిరి. తిరిగి వచ్చినవానిని ఎక్కడ పెట్టవలెను? ఇదియే అసలు ప్రశ్న. 2011 జనాభా లెక్కలలో మన దేశములో ఇల్లులేనివారు 17 లక్షలకు పైగా తేలిరి. పట్టణములలో లక్ష జనాభాకు ఒక వసతి గృహము ఉండవలెనని ప్రభుత్వ నియమము. ఆ లెక్కల నాటికి మార్కాపురము లక్షకు చేరలేదు. గిద్దలూరు అంతకంటె చిన్నది. పెద్ద నగరములో నిరాశ్రయునికి ఏదో ఒక కప్పు ఉండవచ్చును, మన ఊళ్ళలో బస్టాండు, స్టేషను, గుడి అరుగు. త్రాగుడు మానినవాడు మరల అదే బస్టాండులో, అదే స్నేహితుల ప్రక్కన పడుకొనవలసి వచ్చినయెడల ఆసుపత్రిలోని ఎనిమిది దినములు నీళ్ళలో పోసినట్లే.

గుడి ప్రక్క గది ఇచ్చితిమి. స్త్రీల మైత్రివారు పిడికెడు బియ్యము వసూలు చేయుదురు గదా, అందులోనుండి అతని భోజనము నడిపిరి. గంట కొట్టుట, ఊడ్చుట, రాత్రి కావలి అతని పని. జీతము కొద్దిది. అందులో సగము నేరుగా బిడ్డల తల్లికి పంపవలెనని అతడే కోరి సంతకము చేసెను. ఏడు నెలలు బాగుగా జరిగెను. సంక్రాంతికి పడిపోయెను. రాత్రి త్రాగి వచ్చి, గంట త్రాడు పట్టుకొని కొట్టి, ఊరంతయు లేపెను.

మరునాడు కమిటీ కూడెను. చాల కోపముగా కూడెను. గుడి పరువు పోయెనని, గది తాళపుచెవి తీసికొనవలెనని ఎక్కువమంది అనిరి. అందరు మాటలాడిన తరువాత ఒక వృద్ధురాలు, సంఘములో ఎన్నడు నోరు తెరువని మనిషి, ఇట్లనెను: "మా ఆయన ఇరవై ఏండ్లు తాగాడయ్యగారూ. తాగొచ్చిన రోజు నేను తలుపు తియ్యలా. తాగని రోజు తలుపు ముయ్యలా. నాకు తెలిసింది అంతే." కమిటీ పుస్తకములో వ్రాసికొన్న తీర్మానము ఆమె మాటయే. త్రాగిన రాత్రి గది లేదు, వసారాలో పడుకొనవలెను. తెల్లవారి తెలివితో వచ్చిన యెడల తాళపుచెవి ఇయ్యబడును, ఎవరును ఉపన్యాసము చెప్పకూడదు. వేదాంత కళాశాలలో పాస్టోరల్ కౌన్సెలింగు అను పాఠము మేము శ్రద్ధగా చదివితిమి. ఇంత పొట్టిగాను, ఇంత పనికివచ్చునట్లుగాను ఆ పుస్తకములలో ఎక్కడను చూడలేదు.

దేశాంతరములో జరిగిన ఒక సంగతి ఇక్కడ గుర్తుకు వచ్చుచున్నది. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము 1935లో అమెరికాలో అక్రన్ పట్టణమున ఆరంభమైనది. త్రాగుడు మానగోరినవారు కూడుకొని, ఒకరికొకరు తమ సంగతి చెప్పుకొని నిలబడు సహవాసమది. దానిని స్థాపించిన ఇద్దరిలో ఒకడైన బిల్ విల్సన్‌కు మొదట ఆశ కలిగించినది ఎబ్బీ అను పాత స్నేహితుడు. ఆ ఎబ్బీ అప్పుడు న్యూయార్కులో కాల్వరీ చర్చి వారు వీధిన పడినవారి కొరకు నడుపుచుండిన మిషనులో తలదాచుకొనుచుండెను. అనగా ఆ లోకవ్యాప్త ఉద్యమపు వేరు వెదకినయెడల ఒక సంఘము ఇల్లులేనివారికి ఇచ్చిన మంచము కనబడును. బిల్ కూడ ఆ మిషనుకు వెళ్ళెను, తరువాత ఆసుపత్రిలో చేరెను, మరల త్రాగలేదు. ఎబ్బీయో పలుమార్లు పడిపోయెను. ముప్పదియేండ్లు పడుచు లేచుచు ఉండెను. బిల్ అతనిని విడువలేదు. నన్ను నిలబెట్టినవాడు ఇతడే అని చెప్పుచునేయుండెను. 1966లో ఎబ్బీ మరణించునాటికి త్రాగుడు విడిచియుండెను. ఈ ఇద్దరిలో ఎవనిని మనము మన కూటములలో సాక్ష్యమునకు నిలువబెట్టుదుము? బిల్‌ను. మన సంఘములలో ఎక్కువగా ఉన్నది ఎవరు? ఎబ్బీలు.

సాక్ష్యము మాట వచ్చినది గనుక ఒక మాట. త్రాగుడు మాని మూడు నెలలైనవానిని లారీలో ఎక్కించి ఊరూర కన్వెన్షనులకు త్రిప్పుట మంచిది కాదు. వాడు ప్రతి రాత్రి తన పాత మురికిని మైకులో చెప్పవలెను, చప్పట్లు వచ్చును, చప్పట్లు ఒక మత్తు. వాడు పడిపోయిన దినమున చప్పట్లు కొట్టినవారిలో ఒక్కడును రాడు. గెరాసేనుల మనుష్యుడు దోనె ఎక్కుదునని బ్రతిమాలినప్పుడు ప్రభువు ఎక్కించుకొనలేదు. ఇంటికి, తన వారి యొద్దకు పంపెను. ఆ మనుష్యునికి దోనె ప్రయాణముకంటె కష్టమైన పని అది. తన్ను కట్టివేసినవారి ముఖములు దినదినము చూడవలెను గదా.

పందుల సంగతి కూడ విడువరాదు. సుమారు రెండువేల పందులు నీళ్ళలో పడిన తరువాత ఆ ఊరివారు ప్రభువును వెళ్ళిపొమ్మని బ్రతిమాలిరి. ఒక మనిషి బాగుపడుటకు అంత ఖర్చు వారికి సమ్మతము కాలేదు. మన ఊళ్ళలో ఒకడు త్రాగుడు మానినయెడల బెల్టు షాపువానికి నష్టము, వడ్డీ వ్యాపారికి నష్టము, ప్రభుత్వ ఖజానాకును నష్టమే. బెల్టు షాపు నడుపువారు కొందరు మన కానుకల పట్టికలో ఉన్నయెడల మనము ఏమి చేయుదుము? ఈ ప్రశ్న ఈ కూటములోనే అడుగుచున్నాము. దీనికి జవాబు గురువులు ఒంటరిగా ఇయ్యలేరు, పాస్టరేటు కమిటీలు ఇయ్యవలెను.

పరిశుద్ధ సంస్కారమును గురించి పెద్దలకు ఒక మనవి. కొన్ని చోట్ల పులిసిన ద్రాక్షారసము వాడుచున్నారు. త్రాగుడు మానినవానికి ఆ ఒక్క గుటక చాలును, లోపల పడుకొన్నది లేచుటకు. పులియని రసము వాడుట కష్టము కాదు. అది వీలుకాని చోట రొట్టె మాత్రమే తీసికొనినవాని సంస్కారము తక్కువది కాదని గురువు ముందుగానే, అందరి యెదుట కాక, వానికి చెప్పవలెను.

ఇంక స్త్రీల పక్షముగా. భర్త మానినాడు గనుక భార్య వెంటనే తిరిగి రావలెనని సంఘము బలవంతము చేయరాదు. దెబ్బలు తిన్నది ఆమె. నమ్మకము ఎప్పుడు కలుగునో ఆమెకే తెలియును. మేము చెప్పిన ఆ మనిషి తరువాతి రెండేండ్లలో ఇంకను మూడు పర్యాయములు పడెను; ప్రతిసారి వసారాలో పడుకొని, తెల్లవారి తాళపుచెవి అడిగి తీసికొనెను. ఆ తరువాత పడలేదు. మరల పలకలకు చట్రములు బిగించు పనికి పోవుచున్నాడు. అతని భార్య ఇప్పటికిని తల్లి ఇంటనే యున్నది. ఆదివారము ఇద్దరు ఒకే గుడికి వేరువేరుగా వచ్చి, వేరువేరుగా పోవుదురు. అయితే కూతురి పెండ్లి శుభలేఖలో తండ్రి పేరు అచ్చు వేయించినది ఆ తల్లియే. మాకు ఇచ్చిన శుభలేఖలో ఆ పేరు క్రింద ఆమె వ్రేలు పెట్టి చూపెను, ఏమియు మాటలాడలేదు.

2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారము మన దేశములో సుమారు 5 కోట్ల 70 లక్షల మంది త్రాగుడు విషయములో సహాయము అవసరమైనవారు. అంతమందికి మనము గదులు కట్టలేము. ప్రతి పాస్టరేటుకు ఒక్క గది, ఒక నర్సమ్మ లేక ఒక డాక్టరుగారు, వంతులకు ఇద్దరు యౌవనస్థులు, పిడికెడు బియ్యము. మేము అడుగునది ఇంతే. ఈ కూటమునుండి తిరిగి వెళ్ళినప్పుడు మీ గుడి ప్రక్క గది తాళపుచెవి ఎవరి యొద్ద ఉన్నదో, లోపల ఏమున్నదో చూడుడి. మా గదిలో విరిగిన బెంచీలు పదకొండు, పనికిరాని షామియానా ఒకటి ఉండినవి. వాటిని బయట వేయుటకు మాకు ఒక శనివారము పట్టెను.